గెలిస్తే ఇంకా దూరం

ఆ ఎండాకాలమంతా మా అమ్మ నా భార్య ఆడే జట్టు ఓడిపోవాలని కోరుకుంది. మనసులో దాచుకుని కాదు. పక్కింటి గురమ్మతో అనేది, మేకలకు ఆకు కొట్టుకురావడానికి వెళ్లేటప్పుడు తోడొచ్చే ఆడవాళ్లతో అనేది, ఆఖరికి ఫోన్లో నా భార్యతోనే అనేది.

"ఓడితే ఇంటికొస్తావని అంటాండా. నీమీద కోపముండి కాదు," అని మళ్లీ సర్ది చెప్పేది.

నా భార్య రేణుక బెంగళూరులో ఒక మహిళల ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆడుతుంది. ఎడమవైపు డిఫెన్స్. అవతలివాళ్లు బంతి తీసుకుని గోలు మీదికి వస్తుంటే అడ్డం పడే పని. వాళ్లది పెండ్లిమర్రి దగ్గర పల్లె. కడప స్పోర్ట్స్ స్కూల్లో ఆట నేర్చుకుంది. పెళ్లిచూపుల రోజే, "పెళ్లయినాక గూడా ఆడతా, ఇష్టమైతేనే చెప్పండి" అంది. నేను సరే అన్నాను. అమ్మ మాత్రం, ఒక బిడ్డ పుడితే ఆ మాట తనే మరిచిపోతుందిలే అనుకుంది.

బిడ్డ పుట్టింది. పేరు కుసుమ. రేణుక ఏడాదికి పైగా ఇల్లు కదల్లేదు. పాప గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టిన రోజుల్లో క్లబ్బు నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. జనవరిలో లీగు మొదలు, ఏప్రిల్ చివరికి అయిపోతుంది.

"నాలుగు నెల్లే గదత్తా," అంది రేణుక.

"నాలుగు నెల్లంటే నేను సూసుకుంటాలే. ఎండలు ముదిరేలోపు వచ్చేయి," అంది అమ్మ.

మాది కొండాపురం దగ్గర గండికోట రిజర్వాయరు నీళ్లలో మునిగిపోయిన ఊరు. ఊరితోపాటు మేత బీళ్లు కూడా పోయాయి, గొర్రెల మందను అమ్మేశాం. నాన్న ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. ఇప్పుడు జమ్మలమడుగు దగ్గర కాలనీలో ఉంటున్నాం. అమ్మకు ఊరికే కూర్చోవడం చేతకాక మూడు మేకల్ని కట్టేసుకుంది. నేను పాల వ్యాను నడుపుతాను. తెల్లవారుజామున బయలుదేరి ఊళ్లలో క్యాన్లు ఎక్కించుకుని పులివెందులలో దింపి, మధ్యాహ్నానికి ఇల్లు చేరతాను. కాబట్టి పాపను పెంచింది అమ్మే. ఆ మాట ఎవరిముందైనా ఒప్పుకుంటాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం కమాల్ బాషా సార్ మా ఇంటికి వచ్చారు. ఆయన ప్రొద్దుటూరులో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యారు. స్కూలు పోటీల్లో రేణుకను చూసి, వాళ్ల నాన్నతో మాట్లాడి స్పోర్ట్స్ స్కూలుకు పంపించింది ఆయనే. పాపను చూసి పోదామని వచ్చారు. అమ్మ వసారాలో కూర్చుని కందులు చెరుగుతోంది.

"అక్కా, మన రేణుకావోళ్ల జట్టు ఇప్పుడు ఫస్ట్ ప్లేసులో ఉండాది, తెల్సా?"

"ఉంటే ఏమైతాది సారూ?"

"ఇట్లే కడదాకా ఉంటే చాంపియన్లు. చాంపియన్లయితే బయటి దేశం పోయి ఆడతారు."

అమ్మ చేట కింద పెట్టింది. "బయటి దేశమా? ఎందుకు?"

"ఇప్పుడు సూడక్కా. స్కూలు పిల్లోళ్లు మండలంలో గెలిస్తే జిల్లాకు పోతారు గదా. జిల్లాలో గెలిస్తే స్టేటుకు. ఇదీ అంతే. మన దేశంలో లీగు గెలిచిన క్లబ్బు ఒకటి. నేపాల్లో గెలిచింది ఒకటి. బంగ్లాదేశ్‌ది ఒకటి, భూటాన్‌ది ఒకటి. అట్లా ఒక్కో దేశం నుంచి ఒక్కటే. అన్నీ ఒకచోట చేరి ఆడతాయి. ఈసారి ఖాట్మండులో పెడతాండారు."

"రెండో ప్లేసొస్తే?"

"రెండో ప్లేసుకు ఏముంటాది? చప్పట్లు కొట్టి ఇంటికి పంపుతారు."

అమ్మ కాసేపు ఆయన ముఖంలోకే చూసింది. ఆటపట్టిస్తున్నారేమోనని అనుమానం.

"అంటే ఓడినోళ్లు ఇంటికి పోతారు. గెలిచినోళ్లు ఇంకా దూరం పోతారు. ఇదేం ఆట సారూ?"

బాషా సార్ పగలబడి నవ్వారు. "దాన్నే క్వాలిఫై అంటారక్కా."

"ఎన్నాళ్లు?"

"గెలిచినాక ముందు క్యాంపు పెడతారు. ఆ ప్రాక్టీసు, ఆ టోర్నమెంటు, అన్నీ కలిపితే ఇంకో మూన్నెల్లు అనుకో."

అమ్మ మళ్లీ చేట ఎత్తుకుంది. అంతవరకూ కందులు నెమ్మదిగా చెరిగింది, ఇప్పుడు గట్టిగా కొట్టింది. పాప ఆ చప్పుడుకు సంబరపడి చేతులు చరిచింది. సార్ టీ తాగి వెళ్లిపోయారు. ఆయన బండి సందు మలుపు తిరగకముందే అమ్మ అంది:

"ఓడిపోతే బాగుండు."

నా సంగతి అడిగితే నాకు రెండూ కావాలి. ఆమె గెలవాలి, ఇంటికీ రావాలి. వ్యాను నడుపుతూ ఈ రెండింటినీ ఎట్లా కలపాలా అని ఆలోచించేవాణ్ని. ముద్దనూరు దాటి పులివెందుల వచ్చేది గానీ ఆ ఆలోచన తెగేది కాదు.

మార్చిలో మ్యాచులకు కొద్దిగా విరామం దొరికి రేణుక ఇంటికి వచ్చింది. ప్రొద్దుటూరు బస్టాండుకు వెళ్లి తీసుకొచ్చాను. ఎండకు నల్లబడింది, సన్నబడింది. మోకాలి కింద పెద్ద కమిలిన మచ్చ. దారి పొడవునా పాప కబుర్లే అడిగింది. ఎన్ని పళ్లు వచ్చాయి, ఏం తింటోంది, పడుకునేటప్పుడు ఏడుస్తోందా. రోజూ వీడియోలో చూస్తూనే ఉన్నా అవన్నీ మళ్లీ అడిగింది.

గుమ్మంలో అమ్మ పాపను ఎత్తుకుని నిలబడి ఉంది. రేణుక బ్యాగు కింద పడేసి చేతులు చాపింది. పాప ఆమెను చూసింది. మూతి వంకర పెట్టింది. తర్వాత అమ్మ మెడను రెండు చేతులా వాటేసుకుని, ముఖం అటు తిప్పేసి, గుక్కపట్టి ఏడ్చింది.

"కొత్తలే, కొత్త," అంది అమ్మ. "కాసేపుంటే వస్తాది."

కాసేపట్లో రాలేదు. సాయంత్రానికి రేణుక ఇచ్చిన బొమ్మ తీసుకుంది గానీ ఆమె ఒళ్లోకి రాలేదు. రాత్రి అమ్మ పక్కనే పడుకుంది. రేణుక మరుసటి రోజు పొద్దున్నే బూట్లు వేసుకుని కాలనీ రోడ్డు మీద పరుగుకు వెళ్లింది. తిరిగొచ్చి బావి గట్టు... కాదు, మునిగిపోయిన ఊళ్లో బావి; ఇక్కడ మాకున్నది కుళాయి. ఇప్పటికీ అలవాటుగా అట్లాగే వస్తుంది నోటికి. కుళాయి దగ్గర కూర్చుని ముఖం మీద నీళ్లు చల్లుకుంటూనే ఉంది. అవి నీళ్లేనా అని దగ్గరికి వెళ్లి అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అమ్మ వెళ్లింది. తువ్వాలు ఇచ్చి పక్కన కూర్చుంది.

"ఎండలు ముదిరేలోపు వస్తానంటివి," అంది.

"ఓడితే వస్తానత్తా."

"మరి ఓడిపోండి. ఒక్క ఆటే గదా."

రేణుక తువ్వాలు ముఖం మీంచి తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నా నవ్వు వచ్చినట్టుంది. "ఓడేదానికి ఆడేది నాకు రాదత్తా. అట్లా ఆడేదానికి పాపను ఇడిసిపెట్టి ఎందుకు పోవాల?"

అమ్మ "కాఫీ సల్లారిపోతాంది, రా," అని లేచింది.

వెళ్లే రోజు పొద్దున పాప రేణుక దగ్గరికి ఒక్క క్షణం వచ్చింది, ఆమె జడ పట్టుకుని లాగింది, మళ్లీ అమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. రేణుకకు ఆ క్షణమే చాలనిపించినట్టుంది. బస్సు కిటికీలోంచి, "జడ లాగింది సూసినావా మామా?" అని రెండుసార్లు అడిగింది.

ఏప్రిల్ వచ్చింది. జమ్మలమడుగు ఎండ మీకు తెలియనిది కాదు. పొద్దున ఎనిమిదికే రోడ్డు మీద తారు మెత్తబడేది. లీగులో ఒక్క మ్యాచి మిగిలింది. రేణుకావాళ్లు మొదటి స్థానంలో ఉన్నారు. వెనకే ఒక్క పాయింటు తేడాతో కోల్‌కతా జట్టు. ఆఖరి మ్యాచి ఆ రెండింటికే, బెంగళూరులో. డ్రా అయినా రేణుకావాళ్లే చాంపియన్లు. ఓడితే కోల్‌కతా వాళ్లు ఖాట్మండు పోతారు, రేణుక ఇంటికి వస్తుంది.

మ్యాచికి ముందురోజు పాపకు ఒళ్లు వెచ్చబడింది. పంటి జ్వరమేమోనని సిరప్ పోశాం. రాత్రికి తగ్గింది. ఫోన్లో రేణుకతో, "కొంచెం జరముండాది, మందేసినాం," అని చెప్పాను. ఆమె కూడా పెద్దగా కంగారు పడలేదు. పిల్లల జ్వరాలు అట్లాగే కదా వచ్చి పోయేది.

మరునాడు నేను పులివెందులలో క్యాన్లు దించుతుండగా గురమ్మ ఫోన్ చేసింది.

"అబ్బీ, పాపకు ఫిట్సొచ్చినాయి. కండ్లు పైకి తేలేసింది. మీ అమ్మ ఎత్తుకోని మావోని ఆటోలో జమ్మలమడుగు ఆసుపత్రికి పోయింది. ఆడ ఏందో సూదేసి, ప్రొద్దుటూరు తీస్కపొమ్మని సెప్పినారంట. నువ్వు నేరుగా ప్రొద్దుటూరుకే పో."

ఆ దారి నేను రోజూ కాకపోయినా వారానికొకసారైనా పోయే దారే. ఆరోజు మాత్రం ఏ ఊరు ఎప్పుడు దాటానో నాకు గుర్తులేదు. గుర్తున్నది ఒక్కటే. ఖాళీ క్యాన్లు వెనక ఒకదానికొకటి తగిలి మోగుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు ఆగితే చాలనిపించింది.

ప్రొద్దుటూరులో అది పిల్లల ఆసుపత్రి. పాప మంచం మీద ఉంది. చేతికి సెలైన్ గొట్టం. కళ్లు సగం మూసుకుని మగతగా ఉంది. అమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుని పాప పాదం పట్టుకుని ఉంది. చెప్పులు లేవు. ఇంటి నుంచి అట్లాగే పరుగెత్తుకొచ్చినట్టుంది.

డాక్టరు ఆసియా గారు నన్ను వరండాలోకి పిలిచారు. నాకంటే చిన్నదే అనిపించింది. మాట మాత్రం నిదానం.

"ఎక్కువ జ్వరానికి చిన్నపిల్లల్లో ఫిట్స్ రావడం శానామందిలో చూస్తుంటాం. దానివల్ల భయం లే. కానీ ఈ జ్వరం దేనివల్ల అనేది తెలియాల. మెదడుకు ఏమన్నా సోకిందేమో చూడాల. మెడ బిగుసుకున్నట్టు లేదు, అది మంచిదే. మగత సూదివల్ల కావచ్చు. రక్తం పంపించినాం. సాయంత్రానికి రిపోర్టు వస్తాది. అప్పటిదాకా మేలుకుని బాగా చూస్తాందా లేదా గమనిస్తా ఉందాం."

"ఒకవేళ సోకింటే?"

"అప్పుడు కర్నూలుకో తిరుపతికో పంపించాల్సొస్తాది. ఇప్పుడే అంత దూరం ఆలోచించొద్దు."

నేను లోపలికి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ తల ఊపింది.

"రేణుకకు ఫోన్ చెయ్యి," అంది.

"మా, సాయంత్రం మ్యాచి. ఆమె ఇప్పుడు బయల్దేరినా వచ్చేసరికి రాత్రయితాది. రిపోర్టొచ్చినాక చెప్తాంలే. ఊరికే..."

"ఊరికే ఏంది?"

"ఇప్పుడు చెప్తే ఆడలేదు. రాకుండా ఉండలేదు. ఓడిపోతారు."

అమ్మ దానికే ఎదురుచూస్తోంది కదా అన్న ఆలోచన కూడా వచ్చింది నాకు. అది నా ముఖంలో కనిపించిందో ఏమో, అమ్మ పాప పాదం వదలకుండానే నావైపు తిరిగింది.

"నీకంటే ముందొకడు పుట్టినాడు," అంది.

నాకంటే ముందు ఒక పిల్లవాడు పుట్టి పోయాడని నాకు తెలుసు. అంతకు మించి ఎప్పుడూ అడగలేదు. అమ్మా ఎప్పుడూ చెప్పలేదు.

"వాన్ని మా అత్త, మీ జేజి దగ్గర ఇడిసి మందెంబడి పోయింటి, మీ నాయనా నేనూ. కరువు, ఈడ మేత లే. వానికి జరమొచ్చినాది. నేను దిగులుపడతానని ఎవురూ కబురంపల్యా. నేనొచ్చేసరికి అన్నీ అయిపోయినాయి. నా మంచికే సెప్పలేదన్నారు." పాప పాదాన్ని అరచేత్తో రుద్దింది. "బిడ్డ సంగతి తల్లికి సెప్పాల. వచ్చేది రానిది, ఆడేది ఆడనిది ఆమె ఇష్టం. సెప్పాల మాత్రం."

నేను ఫోన్ తీశాను.

రేణుక ఫోన్ ఆగిపోయి ఉంది. మ్యాచి రోజున ఆటగాళ్ల ఫోన్లన్నీ తీసి పెట్టేస్తారు. బాషా సార్‌కు చేశాను. ఆయన ఏమీ అడగకుండా, "లైన్లో ఉండు," అని, క్లబ్బు మేనేజరు నంబరు సంపాదించి, ముందు తనే మాట్లాడి, తర్వాత నన్ను కలిపారు. కాసేపటికి అవతల రేణుక గొంతు వినిపించింది.

"మామా, ఏమైంది?"

ఉన్నదున్నట్టు చెప్పాను. ఫిట్స్, సూది, రక్త పరీక్ష, డాక్టరు అన్న మాటలు. ఏదీ తగ్గించలేదు. రేణుక అంది:

"అత్తకియ్యి."

అమ్మకు ఫోన్ ఇచ్చి స్పీకరు పెట్టాను.

"అత్తా, నువ్వు సెప్పు. పాప నిన్ను గుర్తుపడతాందా?"

"పడతాంది. మగతగా ఉండాది గానీ, నా ఏలు పట్టుకుంటే గట్టిగానే పట్టుకుంటాంది."

"నిజం సెప్పు."

"నీకబద్ధం సెప్తానా నేను? ఎప్పుడన్నా సెప్పినానా? ఓడిపొమ్మని గూడా నీ మొగం మీదనే సెప్తి గదా."

ఆ పరిస్థితిలోనూ అవతల ఒక చిన్న నవ్వులాంటిది వినబడి, వెంటనే ఏడుపైపోయింది. అమ్మ ఫోన్‌ను దగ్గరికి తీసుకుంది.

"రేణుకా, ఇను. రావాలంటే రా. ఆడాలంటే ఆడు. నువ్వు ఏది చేసినా నేను నిన్ను ఒక్క మాట అనను, ఇంగొకర్ని అననియ్యను. నేను మాత్రం ఈ మంచం దగ్గర్నుంచి లెయ్యను. అదొక్కటీ నమ్ము."

అవతల ఎవరో రేణుకతో హిందీలో ఏదో అన్నారు, ఆమె జవాబిచ్చింది. తర్వాత నాతో అంది: "మామా, కారు రెడీగా పెట్టమన్నా. ఫస్టాఫ్ ఆడతా. రిపోర్టు వస్తానే మేనేజరుకు చెయ్యి. బాగలేదంటే సగంలోనే బయల్దేరతా. కోచ్‌కు చెప్పినా, ఒప్పుకున్నాది."

"సరే."

"దాచిపెట్టొద్దు."

"దాచను."

ఆ మధ్యాహ్నం ఎట్లా గడిచిందో చెప్పడం కష్టం. ఫ్యాను తిరుగుతోంది, గాలి వేడిగా వస్తోంది. అమ్మ తడిగుడ్డతో పాప ఒళ్లు తుడుస్తోంది, గుడ్డ ముంచుతోంది, పిండుతోంది, మళ్లీ తుడుస్తోంది. నేను మందుల షాపుకు, ల్యాబుకు తిరిగాను. ల్యాబు అమ్మాయి నన్ను చూడగానే, "ఇంకా రాలేదన్నా," అనేది, అడగకముందే.

మ్యాచి మొదలైంది. ఫోన్లో వస్తోంది. మంచం పక్కన కిటికీ అంచు మీద ఆనించి పెట్టాను. చూడాలని కాదు. ఆమె కనబడుతుందని. తెరమీద బొమ్మలు వేలెడంత ఉన్నాయి. అయినా రేణుక నడక దూరం నుంచే తెలిసిపోతుంది నాకు. ఆరోజు ఆ నడక ఆమెది కాదు. బంతి తన వైపు వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆలస్యంగా కదిలేది. అట్లాంటి ఆలస్యంలోనే ఒకసారి కోల్‌కతా అమ్మాయి ఆమెను దాటుకుని వెళ్లి బంతిని గోలు ముందుకు కొట్టింది, ఇంకో అమ్మాయి లోపలికి నెట్టేసింది. కోల్‌కతా ఒకటి, మనది సున్నా. రేణుక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడింది.

"ఏమైంది?" అంది అమ్మ, తెర వైపు చూడకుండానే.

"గోలు ఏసినారు. వాళ్లు."

అమ్మ గుడ్డ నీళ్లలో ముంచింది.

అప్పుడే పాప కళ్లు తెరిచింది. మగతగా కాదు. అమ్మను చూసింది, గొట్టం కట్టిన చేతిని చూసుకుంది, దాన్ని పీకడానికి రెండో చెయ్యి చాపింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుంటే కోపంతో కేకపెట్టింది. బలమైన కేక. పక్క మంచం వాళ్లు కూడా తిరిగి చూశారు. నర్సు పరుగెత్తుకొచ్చి, చూసి, నవ్వుతూ డాక్టరు కోసం వెళ్లింది.

ఆసియా గారు చేతిలో రిపోర్టుతోనే వచ్చారు. పాప తల పట్టుకుని గడ్డం ఛాతీకి ఆనేలా మెల్లగా వంచారు. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. కళ్లలోకి లైటు వేసి చూశారు. అప్పుడు నావైపు తిరిగారు.

"రిపోర్టు బాగుంది. మామూలు వైరల్ జ్వరమే. మెదడుకేమీ లే. రేపటిదాకా ఉంచుకుని పంపిస్తా. పాలు తాగుతాదేమో చూడండి."

నేను థాంక్స్ చెప్పాలనుకున్నాను. చేతులు మాత్రం జోడించాను. వరండాలోకి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎవరో పెద్దాయన, "ఏమప్పా, నీళ్లు కావాల్నా?" అని అడిగాడు. అక్కర్లేదన్నట్టు తల ఊపాను.

లోపలికి వచ్చేసరికి పాప గ్లాసుతో పాలు తాగుతోంది. సగం తాగి గ్లాసును తన్నేసింది. ఫోన్లో ఫస్టాఫ్ అయిపోయింది. మేనేజరు నంబరు నొక్కాను. ఒక్క రింగుకే ఎత్తింది రేణుక.

"బాగుంది. రిపోర్టు బాగుంది," అన్నాను ముందే.

"నువ్వు కాదు. అత్తకియ్యి."

అమ్మ ఫోన్‌ను నోటికి దగ్గరగా పెట్టుకుని అరిచినట్టు చెప్పింది. "పాలు తాగింది. గ్లాసు తన్నింది గూడా. నా సీరంతా పాలే. ఇంగ నువ్వు నీ పని సూసుకో."

సెకండాఫ్ అమ్మ కూడా చూసింది. పాపను ఒళ్లో పెట్టుకుని, మెడ ముందుకు చాపి, కళ్లు చిట్లించి చూసింది. రేణుక ఎవరని అడిగింది. ఎర్ర బనీను, ఎడమవైపు, జడ వేసుకున్న మనిషి అని చూపించాను. ఆ తర్వాత బంతి ఎక్కడున్నా అమ్మ చూపు ఆ జడ మీదనే ఉంది.

ఇప్పుడు ఆ నడక ఆమెదే. కోల్‌కతా అమ్మాయి మళ్లీ దాటబోతే కాలు అడ్డం పెట్టి బంతి లాక్కుంది. ఇంకోసారి లాక్కుంది. కొంతసేపటికి మనవాళ్లకు కార్నరు వచ్చింది, పొడవాటి మణిపూర్ అమ్మాయి తలతో కొట్టింది, గోలు. ఒకటి ఒకటి. నేను అరిచాను. నర్సు వేలు చూపించి హెచ్చరించింది.

"సమానమైంది," అని అమ్మకు చెప్పాను. "ఇట్లే ఉంటే చాలు."

"ఇంకెంతసేపు?"

"కొంచెంసేపే."

ఆ కొంచెంసేపు కోల్‌కతా వాళ్లు ఊపిరి తీసుకోనివ్వలేదు. బంతి మన గోలు ముందే తిరిగింది. ఒకసారి మన గోల్‌కీపరు చేతుల్లోంచి జారి బంతి గీత వైపు దొర్లింది. రేణుకో ఇంకొకరో తెలియదు, నాలుగైదు కాళ్ల మధ్య నుంచి ఎవరో దాన్ని బయటికి తన్నారు.

"కొట్టు! దూరంగా కొట్టు!" అంది అమ్మ. పాప కూడా ఏదో అరిచింది. నర్సు ఈసారి తనే వచ్చి మా వెనక నిలబడింది.

విజిల్ వేశారు. ఎర్ర బనీన్లు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఆ గుంపులోంచి జడ ఒకటి విడివడి, పక్కకు పరుగెత్తి, తెరలోంచి బయటికి వెళ్లిపోయింది.

"యాడికి పోతాంది?" అంది అమ్మ.

"కారు కాడికి అనుకుంటా."

అర్ధరాత్రి దాటాక రేణుక వచ్చింది. కాళ్లకు బూట్లు లేవు, ఎవరివో రబ్బరు చెప్పులు. ట్రాక్ సూటు కింద ఇంకా ఎర్ర బనీనే ఉంది. అమ్మ స్టూలు మీంచి లేచి చోటిచ్చింది. నాకు తెలిసి ముందురోజు నుంచి ఆమె ఆ మంచం దగ్గర్నుంచి లేవడం అదే మొదటిసారి. రేణుక కూర్చోలేదు, పాప పక్కన అట్లాగే ఒరిగి పడుకుంది. పాప నిద్రలో కదిలి, ఆమె ఛాతీ మీద కాలు వేసి, మళ్లీ పడుకుంది. అమ్మ వాళ్లిద్దరి మీదా తన కొంగు కప్పింది.

మధ్యాహ్నం పంపించేశారు. నలుగురం వ్యాను ముందు సీట్లోనే సర్దుకుని కూర్చున్నాం. పాప రేణుక ఒళ్లో ఉంది. ప్రొద్దుటూరు దాటాక వేడిగాలి ముఖానికి కొడుతోంది. మాట్లాడాల్సింది ఏమిటో ముగ్గురికీ తెలుసు. క్యాంపు, మూడు నెలలు, ఖాట్మండు. రేణుకే మొదలుపెట్టింది.

"అత్తా, నేను ఈసారి పోనని చెప్తా. ఎవరన్నా ఇంకొకరు ఆడతారు."

అమ్మ రోడ్డు వైపే చూస్తోంది. "ఆ ఊర్లో చలి ఉంటాదా?" అంది.

"యా ఊర్లో?"

"అదే, మీరు పోయే ఊర్లో."

"ఉంటాదంట. కొండలు గదా."

"అయితే పాపకు ఉన్ని టోపీ కొనాల. నాకు గొర్రెబొచ్చు కంబడి ఉండాదిలే, మందెంబడి పోయినప్పటిది." ఆగింది. "ఆడికి పోవాలంటే పాస్‌పోర్టో ఏందో కావాలంట గదా?"

రేణుక ఆమె వైపు తిరిగింది. "నేపాల్‌కు అక్కర్లేదత్తా. ఓటరు కార్డు సాలు."

"అదుండాది."

"మా," అన్నాను నేను. "నువ్వెందుకు?"

"ఎందుకేంది? ఆమె ఆడతాంటే పాపను ఎవరు ఎత్తుకుంటారు? క్యాంపులో గూడా కావాల గదా మనిషి. నువ్వు వండుకోని తిను. మేకలు గురమ్మ సూసుకుంటాది, అడిగినా."

ఎప్పుడు అడిగిందో నాకు తెలియదు. ఆసుపత్రిలోంచే ఫోన్ చేసి అడిగి ఉండాలి. రేణుక రెండు చేతులా పాపను పట్టుకుని ఉంది, అందుకని కన్నీళ్లు తుడుచుకోలేకపోయింది. అమ్మ తన కొంగుతో ఒక్క తుడుపు తుడిచింది, గ్లాసు తుడిచినట్టు.

నేను వ్యానును రోడ్డు పక్కకు తీసి ఆపాను. ఏదో చెప్పాలని కాదు. రోడ్డు మీంచి చూపు తిప్పి, ముగ్గురినీ ఒకసారి కుదురుగా చూసుకోవాలనిపించింది. వెనకనుంచి వచ్చిన ఆర్టీసీ బస్సు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి వెళ్లిపోయింది.

"ఏంది నిలిపినావు?" అంది అమ్మ. "పో, పో. పాపకు ఎండ తగులుతాంది."

నేను గేరు వేశాను.